ఏసీ మిర్చికి లాంథనం చలువ దొరుకుతుందా?

గుంటూరు యార్డులో ధర పడిపోతే మిర్చి కోల్డ్ స్టోరేజీకి చేరుతుంది. ఏసీ సరుకు అని దానికి వేరే ధర కూడా పలుకుతుంది. ఆ చలువకు కంప్రెసర్ కావాలి, చాలా చోట్ల అమోనియా కావాలి. ఈ రెండూ లేకుండా చల్లబరిచే పదార్థాల్లో నాకు ఆశ కలిగించేది లాంథనం, ఇనుము, సిలికాన్ కలిసిన మిశ్రమం.

లాంథనం రేర్ ఎర్త్ లోహాల్లో ఒకటి. రేర్ ఎర్త్ అనగానే మన చర్చంతా బలమైన అయస్కాంతాలకు వాడే నియోడిమియం చుట్టూనే తిరుగుతుంది. భీమునిపట్నం వైపు తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో నిజానికి సీరియం, లాంథనమే ఎక్కువ. వాటికి గిరాకీ తక్కువ.

తమాషా ఏమిటంటే, ఈ మిశ్రమంలో లాంథనానికి సొంత అయస్కాంతత్వం లేదు, చాలా రేర్ ఎర్త్‌లకు అయస్కాంతత్వం ఇచ్చే 4ఎఫ్ ఎలక్ట్రాన్లే దానికి లేవు. పని చేసేది ఇనుము. లాంథనం, ఇనుము రెండే కలిపితే ఈ స్ఫటికం నిలబడదు. కొంచెం సిలికాన్ పడాలి. అయస్కాంత క్షేత్రంలో పెడితే పదార్థం వేడెక్కుతుంది. ఆ వేడిని నీటితో లాగేసి క్షేత్రం తీసేస్తే చల్లబడుతుంది. గడోలినియం అనే మరో రేర్ ఎర్త్‌తో దీన్ని గది ఉష్ణోగ్రత దగ్గర నాసా శాస్త్రవేత్త బ్రౌన్ 1976లోనే చేసి చూపించారు. గడోలినియం ఖరీదైనది, పైగా 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడు రేర్ ఎర్త్‌లలో అదీ ఉంది.

లాంథనం మిశ్రమం అయస్కాంతత్వం కోల్పోయే హద్దు సుమారు 200 కెల్విన్, అంటే మైనస్ 73 డిగ్రీలు. ఈ చల్లబరిచే గుణం ఆ హద్దు దగ్గరే బలంగా ఉంటుంది కాబట్టి మిర్చి గదికి ఇది పనికిరాదు. హైడ్రోజన్ ఎక్కిస్తే ఇనుప పరమాణువుల మధ్య దూరం పెరిగి, ఆ హద్దు గది ఉష్ణోగ్రత దాటి పోతుంది. లాంథనం బదులు కొంత సీరియం వేస్తే మళ్లీ కిందకు దిగుతుంది. ఒక్కో విడతకు వచ్చే తేడా కొద్ది డిగ్రీలే కాబట్టి, వేర్వేరు హద్దులున్న పొరలను వరుసగా పేర్చాలి.

చిక్కులూ చిన్నవి కావు. అయస్కాంతత్వం వచ్చి పోయిన ప్రతిసారీ ఘనపరిమాణం సుమారు ఒక శాతం మారుతుంది, ఈ పెళుసు పదార్థం పగులుతుంది. క్షేత్రం ఇవ్వడానికి మళ్లీ నియోడిమియం అయస్కాంతమే కావాలి! గది పెద్దదయ్యే కొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. అందుకే పరిశోధనకు డబ్బు పెట్టేవాళ్లు ముందు మందుల షాపు ఫ్రిజ్ అంత సైజులో దీన్ని నిలబెట్టాలంటాను. టన్నుల కొద్దీ మిర్చి పెట్టే గదుల సంగతి ఆ తర్వాత.