‘ఒక్క ముక్కేగా’ గారికి

అయ్యా,

మా జిమ్మీ నమస్కారాలు. వాడే లేచి పెట్టాల్సింది గానీ, లేవాలంటే ఈమధ్య రెండుసార్లు ఆలోచిస్తున్నాడు. లాబ్రడార్ కుక్క, ఆరేళ్లు. మొన్న డాక్టర్ దగ్గర తూకమేస్తే 43 కిలోలు. మగ లాబ్రడార్‌కి 36 చాలట.

పక్కటెముకలు చేతికి తగలాలి అంటూ డాక్టర్ గారు వాడి పక్కల మీద చెయ్యి పెట్టారు. వేళ్లు దిండులో దిగినట్టు దిగాయి. “ఏం పెడుతున్నారు?” అన్నారు. “రెండు పూటలా కొలిచి పెడతామండీ” అన్నాను. నిజమే. కొలతలో లేనిది మీరొక్కరే.

ఇంటికొచ్చి పంచాయితీ పెట్టాను. అమ్మ వేసేది ఇడ్లీ ఒక్క ముక్కే. “అది అలా చూస్తుంటే నాకు గొంతు దిగుతుందట్రా?” నాన్న టీలో ముంచి పెట్టేది బిస్కెట్ ఒక్కటే. నానమ్మది పెరుగన్నం ఒక్క ముద్దే. తమ్ముడిది ఆమ్లెట్ అంచు. ఎవరూ అబద్ధమాడలేదు. జిమ్మీ కూడా ప్రతి ఒక్కరి ముందూ కరువు ప్రాంతం నుంచి అప్పుడే దిగినట్టు మొహం పెడతాడు. నేను కొలిచే మనిషిని కాబట్టి నన్నెవరూ అడగలేదు. లేవడానికి బద్ధకించేవాడు, రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు చప్పుడవగానే ఎందుకు పరిగెత్తుకొస్తాడో కూడా అడగలేదు.

మీ ఖరీదెంతో అమెరికాలో లెక్క కట్టారు. ప్యూరినా కంపెనీ 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా తీసుకుని, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ పెడుతూ జీవితాంతం గమనించింది. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్ల దాకా ఉన్నాయి. రెండో జట్టులో సగం 11 దాటిన కొద్ది నెలలకే పోయాయి. కీళ్ల నొప్పులు కూడా బక్కవాటికి ఆలస్యంగా వచ్చాయి. కుక్కల తిండి అమ్ముకునే కంపెనీయే తక్కువ పెట్టమని తేల్చాక ఇంకేం మాట్లాడతారు?

మావాళ్లు మాట్లాడారు. అక్కడే కుక్కల ముసలితనం మీద పరిశోధన చేసే డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ వాళ్లు రాపామైసిన్ అనే మందు కుక్కల ఆయుష్షు పెంచుతుందేమోనని పరీక్షిస్తున్నారని తమ్ముడెక్కడో చదివాడు. అది మనకెప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూపులు. ఉట్టికెగరలేనమ్మ సామెత మా ఇంట్లోనే పుట్టి ఉంటుంది. తీరా ఆ మాత్ర వచ్చినా, మింగించడానికి మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు, ఇడ్లీలో పెట్టి.

మీ చుట్టాల సంగతి కూడా చెప్పాలి. కూరలోంచి జారే ఉల్లిపాయ కుక్క నెత్తుట్లో ఎర్రకణాల్ని చంపుతుంది. ద్రాక్షపండు కిడ్నీల మీద పడుతుంది. ఉడికిన బొక్క చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆ మాట చెబితే నానమ్మ, “మా రోజుల్లో కుక్కలు బొక్కలు తినే బతికాయి” అంది. ఎన్నేళ్లు బతికాయే అంటే, “ఎవరు లెక్కపెట్టారు?” అంది.

ఈ ఆదివారం మా ఇంట్లో మటన్. చుట్టాలంతా వస్తున్నారు. తమరు మాత్రం రావద్దని మనవి.

ఇట్లు,
జిమ్మీ గిన్నె కొలిచే మనిషి