కొలవని రోడ్డుకు సంతకమా?

చవితి పందిళ్ల దరఖాస్తులు పోలీసు స్టేషన్లకు చేరే రోజులివి. ఇవి కాగానే దసరా ఊరేగింపులు, ఆ వెంటనే పార్టీల పర్యటనలు. రోడ్డు మూయడానికి కావలసిందల్లా ఒక అర్జీ, దాని మీద ఒక సంతకం, ‘షరతులకు లోబడి’ అనే ఒక ముక్క. ఆ రోడ్డు వెడల్పెంత, అందులో పట్టేది ఎంతమంది, తోపులాట మొదలైతే జనం ఏ సందులోంచి బయటపడతారు అన్నవి ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. కందుకూరును కళ్లారా చూసిన జిల్లాల్లో కూడా ఇదే పద్ధతి సాగడం మాకు భయం కలిగిస్తోంది.

2022 డిసెంబరు 28 గురించి ఇక్కడి పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కందుకూరులో ఇరుకు కూడలి, రోడ్‌షో, పక్కనే మురుగు కాలువ, తొక్కిసలాట, ఎనిమిది ప్రాణాలు. నాలుగు రోజులు తిరక్కుండానే గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు మహిళలు బలయ్యారు. మర్నాడే అప్పటి ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలకు దాదాపు తలుపులు మూసేసింది. హైకోర్టు దాన్ని ముందు నిలిపివేసి, 2023 మే నెలలో కొట్టేసింది. కొట్టేయడం సబబే. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ మొత్తంగా నిషేధించే అధికారం ప్రభుత్వానికి లేదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. అయితే నిషేధం పోయిన చోటికి కొలత రావాలి. అది రాలేదు. గంపగుత్తగా వద్దనడం, లేకుంటే కళ్లు మూసుకుని సరేననడం తప్ప మన యంత్రాంగానికి మూడో దారి తెలిసినట్టు లేదు.

సభ జరుపుకోవడం హక్కనీ, పండగ తరతరాల ఆచారమనీ, కొలతల పేరుతో అధికారులు గిట్టనివారిని అడ్డుకుంటారనీ కొందరి వాదన. చివరి భయంలో నిజముంది. దానికి విరుగుడు కూడా కొలతే. ప్రతి రోడ్డుకూ ఎంతమంది పడతారో ముందే కొలిచి, మున్సిపల్ కార్యాలయం గోడ మీద రాసిపెడితే అధికార పార్టీకైనా ప్రతిపక్షానికైనా ఉత్సవ కమిటీకైనా అదే అంకె వర్తిస్తుంది. అంకె లేని చోటే అధికారి ఇష్టం రాజ్యం చేస్తుంది.

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. నలభై అడుగుల రోడ్డునే తీసుకుందాం. రెండు వైపులా కాలువ గట్లు, కరెంటు స్తంభాలు, దుకాణాల మెట్లు, ఆపిన బళ్లు పోగా జనం నిలబడేందుకు మిగిలేది 26 అడుగులు, అంటే ఎనిమిది మీటర్లు. అందులో అంబులెన్సుకూ ఫైరింజనుకూ మూడున్నర మీటర్లు వదలాలి. మిగిలింది నాలుగున్నర. వంద మీటర్ల పొడవున 450 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నలుగురు కదలకుండా నిలబడితే 1,800 మంది. నడవాలంటే ఇద్దరికి మించకూడదు, అప్పుడు 900 మందే. చదరపు మీటరుకు ఆరేడుగురైతే ఇక ఎవరి కాళ్లు వారి అదుపులో ఉండవు. వెనక పుట్టిన తోపు అలలా ముందుకొస్తుంది. పక్కటెముకలు విప్పారే చోటు లేక, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఊపిరాడక పోతారు. ‘తొక్కిసలాట’ అని మనం రాసే చావుల్లో చాలా భాగం తొక్కడం వల్ల వచ్చినవి కావు, నొక్కుడు వల్ల వచ్చినవి.

బయటికి పోయే లెక్క ఇంకా ముఖ్యం. చదునైన దారిలో మీటరు వెడల్పున నిమిషానికి 82 మంది దాటగలరని బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే లెక్క. నాలుగున్నర మీటర్ల దారి తెరిచి ఉంటే 1,800 మంది అయిదు నిమిషాల్లో బయటపడతారు. అదే దారికి అడ్డంగా జనరేటర్ బండి ఆపి రెండు మీటర్లే మిగిలిస్తే పదకొండు నిమిషాలు. ఊపిరాడని మనిషికి పదకొండు నిమిషాలు ఉండవు.

తప్పులు కూడా ఎప్పుడూ అవే. సర్వి బాదులు కట్టి రోడ్డుకు అడ్డంగా దడి వేస్తారు, అత్యవసరంగా తెరిచేందుకు ద్వారం వదలరు. కొబ్బరి తాళ్లతో బిగించిన ఆ దడిని విప్పాలంటే కత్తి కావాలి. కాలువ మీద పలకలు లేని చోట ఫ్లెక్సీలు, తివాచీలు పరుస్తారు. చీకట్లో అది నేలో గొయ్యో తెలియదు. విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోకుండా స్తంభానికి కొక్కేలు తగిలిస్తారు, ఊరేగింపు దారిలో వేలాడే తీగల ఎత్తును విగ్రహం ఎత్తుతో సరిచూడరు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆలస్యం. నాలుగింటికని చెప్పి నాయకుడు రాత్రికొస్తే, నీళ్లు లేక నీరసించిన జనం మీదికి కొత్త జనం వచ్చి పడుతుంది. 2025 సెప్టెంబరు 27న తమిళనాడులోని కరూరులో 41 మందిని పోగొట్టుకున్నది గంటల తరబడి ఎదురుచూసిన జనమే. రోడ్‌షోలో వాహనం కదిలే కొద్దీ ఈ ప్రమాదం కూడా దానితోపాటు ఊరంతా తిరుగుతుంది.

నెల్లూరుకు ఇంకో చిక్కుంది. రైలు పట్టాలు నగరాన్ని రెండుగా చీల్చాయి. విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిల వంటి కొద్దిపాటి దారుల్లోనే ఇటునుంచి అటు పోవాలి. గాంధీబొమ్మ దగ్గర ట్రంకు రోడ్డు మూస్తే ఆ బళ్లన్నీ ఆ ఇరుకు దారుల మీదే పడతాయి. వానొస్తే వాటిలోనూ నీళ్లు నిలుస్తాయి. ఒంగోలు చర్చి సెంటర్‌లో ధర్నా అయినా సభ అయినా అదే కథ. రోడ్డు మూయడమంటే ఆ ఒక్క రోడ్డే కాదు, దాని బరువు మోసే పక్క రోడ్లను కూడా చూడాలి. 108 ఏ దారిన పోవాలో అనుమతి పత్రం మీదే రాయాలి.

ఇవన్నీ మనకు చేతకాక కాదు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు ఏటా లక్షల మంది వస్తారు. బారికేడ్లు, పార్కింగు స్థలాలు, గజ ఈతగాళ్లు, వైద్య శిబిరాలు అంటూ కలెక్టరు మొదలు పారిశుద్ధ్య సిబ్బంది దాకా ముందునుంచే పనిచేస్తారు. లక్షల మందికి చేసే పని రెండు వేల మంది సభకు ఎందుకు చేయరు? అక్కడ బాధ్యత తమదని తెలుసు కాబట్టి చేస్తారు. ఇక్కడ పోలీసులు మున్సిపాలిటీ ఎన్‌వోసీ చూపిస్తారు, మున్సిపాలిటీ అగ్నిమాపక శాఖను చూపిస్తుంది, వాళ్లు నిర్వాహకులిచ్చిన హామీపత్రం చూపిస్తారు. జనం సంఖ్యకు బాధ్యుడు ఎవరూ ఉండరు.

చట్టం లేదనడం సాకు. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఎవరి పేర ఇస్తున్నారో, ఏ షరతుల మీద ఇస్తున్నారో అందులో రాయాలి. ఆ షరతుల్లో జనసంఖ్య, బయటికి పోయే దారుల వెడల్పు, మొదలయ్యే సమయం, దాటకూడని గడువు రాయకుండా ఏ అధికారినీ ఎవరూ ఆపలేదు. షరతు మీరితే ఆ చట్టం విధించే జరిమానా మాత్రం 200 రూపాయలకు మించదు. దాన్ని మార్చాల్సింది శాసనసభ. జనసందోహాల నిర్వహణపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే మార్గదర్శకాలు అచ్చువేసింది. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయాక కర్ణాటక 2025లో ప్రత్యేక బిల్లు పెట్టింది. కందుకూరు, గుంటూరు, 2025 జనవరిలో తిరుపతి, అదే ఏడాది నవంబరులో కాశీబుగ్గ చూసిన మన రాష్ట్రం ఇంకా దేనికోసం ఆగింది?

నాడు జీవోను చీకటి జీవో అన్నవారు నేడు అధికారంలో ఉన్నారు. దాన్ని తెచ్చినవారు నేడు ఆంక్షలు అన్యాయమంటున్నారు. మైకు మార్చుకున్నంత తేలిగ్గా మాట మార్చారు, కొలిచే టేపు మాత్రం ఇద్దరూ పట్టుకోలేదు. ఒకరికి కొలవకుండా ఇచ్చిన అనుమతే రేపు ఇంకొకరికి హక్కవుతుంది. ‘నిన్న వాళ్లకిచ్చారు కదా’ అని నిలదీస్తే కొలవని అధికారి దగ్గర జవాబుండదు.

ఇరుకళల పరమేశ్వరి గుడి దగ్గరి ఘాటుకూ, కొత్తపట్నం సముద్రానికీ విగ్రహాలు కదిలేలోగా నెల్లూరు, ఒంగోలు మున్సిపల్ కమిషనర్లు ఇద్దరేసి సిబ్బందికి టేపులిచ్చి పంపాలి. ఊరేగింపు సాగే ప్రతి వీధి వెడల్పునూ, మూత లేని ప్రతి కాలువనూ రాసుకురమ్మనాలి. అది వారం పని. ఆ అంకెలు లేని ఫైలు మీద ఎస్పీలు సంతకం పెట్టొద్దు. పెడితే, ప్రమాదం జరిగిన రాత్రి నిర్వాహకుల పేర్లు రాసే ఎఫ్ఐఆర్‌లో ఆ సంతకం చేసినవారి పేరూ రాయాలి.