అందరినీ ‘చైనీస్’ అనేయకండి

మొన్న మన సంఘం సంక్రాంతి సంబరాల్లో భోజనాల దగ్గర ఒక మాట నా చెవిన పడింది. “కొరియా వాళ్ళు, జపాన్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు అంతా ఒకటేనండీ. లిపి దగ్గర్నుంచి చాప్‌స్టిక్స్ దాకా అన్నీ చైనా నుంచి తెచ్చుకున్నవేగా!” పక్కనున్నవాళ్ళు తలూపారు. నేనూ ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఢిల్లీలో ఉన్న రోజుల్లో నన్ను ఎవరైనా “మద్రాసీ” అంటే ఎంత మండేదో ఇంకా గుర్తుంది.

తెచ్చుకున్నారన్నది నిజమే. ఉత్తర వియత్నాం క్రీ.పూ. 111 నుంచి సుమారు వెయ్యేళ్ళు చైనా ఏలుబడిలో ఉంది. జపాన్ 8వ శతాబ్దంలో నారా నగరాన్ని, ఆ తర్వాత క్యోటోను చైనాను ఏలిన టాంగ్ వంశపు రాజధాని చాంగాన్‌ను చూసి చదరంగం గళ్ళలాంటి వీధులతో కట్టుకుంది. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ గ్రంథాలు చదివి రాసే ఉద్యోగ పరీక్షలు కొరియాలో 958లో, వియత్నాంలో 1075లో మొదలయ్యాయి. నెగ్గినవాళ్ళ పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు హనోయ్‌లో రాతి తాబేళ్ళ వీపుల మీద ఈనాటికీ నిలబడి ఉన్నాయి. జపాన్‌లో మాత్రం ఆ పరీక్షలు వేళ్ళూనుకోలేదు. అక్కడ పదవులు పెద్ద వంశాల చేతుల్లోనే ఉండిపోయాయి. అంటే ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకున్నారు, వద్దనుకున్నది వదిలేశారు.

లిపి సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మన ‘తిను’ అనే మాటే తీసుకోండి. తిన్నాను, తింటాను, తినలేదు... చివర ఎన్ని తోకలో! జపనీస్, కొరియన్ కూడా ఇలాంటి భాషలే. వాక్యం చివర క్రియ, క్రియ చివర తోక. చైనా భాషలో మాట రూపం మారదు, అందుకని ఒక మాటకు ఒక గుర్తు సరిపోయింది. ఆ లిపి తెచ్చుకున్న జపాన్ వాళ్ళకు తోకలు ఎలా రాయాలన్నది పెద్ద చిక్కయింది. చైనా గుర్తుల్నే గబగబా రాసి రాసి, అరగదీసి, హిరగానా అక్షరాలు చేసుకున్నారు. మాట మొదలుకు చైనా గుర్తు, తోకకు సొంత అక్షరం. పండితులైన మగవాళ్ళు దర్జాగా చైనా భాషలో రాస్తుంటే, హిరగానాకు ‘ఆడవాళ్ళ రాత’ అని పేరొచ్చింది. ఆ కాలపు గొప్ప కథలు ఆ ఆడవాళ్ళ రాతలోనే పుట్టాయి.

కొరియాలో సెజోంగ్ రాజు ఇంకో దారి పట్టాడు. మన మాట చైనా మాట కాదు, ఆ గుర్తులతో మామూలు జనం మనసులో ఉన్నది చెప్పుకోలేకపోతున్నారని 28 అక్షరాలు కొత్తగా తయారుచేయించి 1446లో ప్రకటించాడు. సొంత లిపి పెట్టుకోవడం అనాగరికుల పని అంటూ ఛ్వే మల్లి అనే పండితుడు అంతకు రెండేళ్ళ ముందే అర్జీ పెట్టినా రాజు వెనక్కి తగ్గలేదు. మా పక్కింటి కొరియన్ ఆవిడ ఒకసారి కిరాణా బిల్లు వెనక చిన్న చదరం గీసి, “మ అనండి” అంది. అన్నాను. “పెదాలు మూసుకున్నాయి కదా, ఈ చదరం ఆ మూసిన నోరే” అంది. న అక్షరమేమో నాలుక కొన పైకి లేచిన ఆకారమట. అక్షరాలు దిద్దిన ఇన్నేళ్ళలో అలాంటి ఆలోచనే నాకు రాలేదు.

మాటల సంగతీ అంతే. ‘తయారీ’ని చైనాలో జున్‌బెయ్, జపాన్‌లో జుంబి, కొరియాలో జున్‌బి, వియత్నాంలో చ్వన్‌బి అంటారు. మనకూ, కన్నడిగులకూ, మలయాళీలకూ విద్య, పుస్తకం లాంటి సంస్కృత పదాలు ఉన్నట్టే ఇది. అంతమాత్రాన తెలుగు సంస్కృతం అయిపోతుందా? పైగా ఈ రాకపోకలు ఒకవైపే సాగలేదు. తత్వశాస్త్రం, టెలిఫోన్ లాంటి వాటికి 19వ శతాబ్దంలో జపాన్ వాళ్ళు చైనా గుర్తులతో కూర్చిన మాటల్ని చైనా వాళ్ళే తిరిగి తీసుకుని నేటికీ వాడుతున్నారు. అసలు చైనా నుంచి వెళ్ళిన బౌద్ధం చైనాది కాదు కదా! మన కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి శాస్త్రాన్ని 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడనే భిక్షువు చాంగాన్‌లో చైనా భాషలోకి మార్చాడు. దాని మీద నిలిచిన బౌద్ధ శాఖను 625లో ఒక కొరియా భిక్షువు జపాన్‌కు తీసుకెళ్ళాడు.

మన సంఘానికి ఒక మనవి. ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో మనం పంపే గ్రీటింగ్‌లో ‘చైనీస్ న్యూ ఇయర్’ అని వేస్తున్నాం. దాన్ని ‘లూనార్ న్యూ ఇయర్’ (చంద్రుణ్ణి బట్టి లెక్కించే కొత్త సంవత్సరం) అని మార్చండి. కొరియన్లకు అది సొల్లాల్, వియత్నాం వాళ్ళకు తెత్. జపాన్ 1873లోనే జనవరి 1కి మారిపోయింది కాబట్టి వాళ్ళకు ఆ రోజు పంపక్కర్లేదు. ఆ లెక్కలో ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు పేరుంటుంది. కార్డు మీద ఆ జంతువు బొమ్మ వేసేటప్పుడూ కాస్త చూసుకోండి. చైనా వాళ్ళు కుందేలు అనే ఏడాదిని వియత్నాం వాళ్ళు పిల్లి అంటారు.