తెరకు కప్పిన శాలువా

నెల్లూరు జిల్లాలో, పేరు చెప్పనక్కర్లేని ఒక విద్యాసంస్థ గత నెలలో భూగోళాన్ని కాపాడింది. ఉదయం 11 గంటలకు మొదలుపెట్టి భోజనాల వేళకల్లా ముగించింది. ఆహ్వానం అందుకున్న కొద్దిమందిలో నేనూ ఒకడిని కనుక ఆ ఘట్టాన్ని గ్రంథస్థం చేసే భారం నా మీద పడింది.

ఐరోపాలోని ఒక విశ్వవిద్యాలయంతో సుస్థిరాభివృద్ధి మీద అవగాహన ఒప్పందం. అవతలి ఆచార్యుడు తెర మీద కాఫీ కప్పుతో కూర్చున్నాడు. ఇవతల మెరూన్ రంగు రెక్సిన్ ఫైళ్లు రెండు, బంగారు పూత పెన్నులు రెండు. సంతకాలయ్యాయి, సన్మానం దగ్గర చిక్కు వచ్చిపడింది. కప్పించుకోవలసిన మనిషి వేల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు, శాలువా పళ్లెంలో ఉంది. కొన్న శాలువా వెనక్కి వెళ్లే సంప్రదాయం మనకు లేదు. కార్యదర్శిగారు క్షణం ఆలోచించి దాన్ని తెరకే కప్పారు. జారింది. మళ్లీ కప్పారు, మళ్లీ జారింది. చివరకు అటెండరు ఒక కొస, ఎన్‌ఎస్‌ఎస్ కుర్రవాడు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. ఆచార్యుడు ఆ శాలువా వెనక నుంచే వాతావరణ మార్పుల గురించి పది నిమిషాలు మాట్లాడాడు. గొంతు వినబడింది, మొహం కనబడలేదు. చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి.

దీన్ని వెక్కిరించేవాళ్లకు చరిత్ర తెలియదు. 1990లో ఫ్రాన్సులో ఒక చెరువుగట్టు ఊళ్లో 22 మంది విశ్వవిద్యాలయాల అధిపతులు కూర్చుని, పర్యావరణ బాధ్యతను చదువులోనూ పరిశోధనలోనూ ప్రాంగణంలోనూ పాటిస్తామని పది అంశాల ప్రకటన చేశారు. ఊరి పేరు పలికితే 'తల్వార్' అనే వినబడుతుంది గానీ, దూసింది కత్తి కాదు, కలమే. ఆ తర్వాత 50కి పైగా దేశాల నుంచి 500 పైచిలుకు సంస్థలు కలాలు దూశాయి. 2015లో ఐక్యరాజ్య సమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలూ వాటి కింద 169 ఉపలక్ష్యాలూ పెట్టి, 2030 గడువు విధించింది. ఆకలి, నీళ్లు, చదువు, సముద్రం అంటూ మొదటి పదహారింటికీ ఒళ్లు వంచాలి. పదిహేడవది భాగస్వామ్యం, దానికి చెయ్యి చాపితే చాలు. మన సంస్థలు తెలివైనవి కనుక లెక్కను చివరి నుంచి మొదలుపెట్టాయి.

పైగా కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వారు వచ్చినప్పుడు ఒప్పందాలు ఎన్ని అని అడుగుతారు. అందులోనూ 'పనిచేస్తున్నవి' ఎన్ని అని అడుగుతారు. పనిచేస్తోందనడానికి ఏడాదికొక వెబినార్, దానికొక సర్టిఫికెట్, ఒక ఫోటో ఉండాలి. ఫోటో ఉంది. అందులో శాలువా అద్భుతంగా పడింది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. అవతలివాళ్లు ఒప్పందాన్ని నిజమనుకున్నారు. వారం తిరక్కుండా ప్రశ్నావళి పంపారు. ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010 నుంచి నడుపుతున్న, ప్రాంగణాల పర్యావరణ శ్రద్ధను కొలిచే గ్రీన్‌మెట్రిక్ ర్యాంకుల బాణీలోనే, కరెంటు, చెత్త, నీరు, రవాణా. మీ ప్రాంగణానికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది, వాడాక ఎక్కడికి పోతుంది? దీని మీద ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది.

పెన్నా నది అని రాద్దామన్నారు ఒకరు. నది ఉన్న మాట నిజమే, పైపు లేదు. భూగర్భ జలం అన్నారు ఇంకొకరు. బోరు ఉప్పుతేలి నాలుగేళ్లయింది, చుట్టూ రొయ్యల గుంటలు. ఆలోచిస్తే అంతర్జాతీయ సహకారానికి వాటిని మించిన నమూనా లేదు. వనామీ రొయ్య పసిఫిక్ సముద్రానికి ఆవలి ఒడ్డు జాతి. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది. పెంచేది మనం, ఎక్కువగా కొనేది అమెరికా. ఉప్పు మాత్రం స్థానికంగా మిగిలింది.

టీ తెచ్చిన అటెండరు వినలేక చెప్పాడు: "ట్యాంకర్ సార్. రోజుకు ఆరు."

"మరి పోయేది?"

"వెనక కాలువలోకి సార్."

కమిటీ రెండు గంటలు శ్రమించి జవాబు ఖరారు చేసింది: 'విభిన్న వనరుల నుంచి సేకరించి, తిరిగి ప్రకృతికే అందజేస్తున్నాం.'

ఈ ప్రజ్ఞను ఐరోపాతో ఆపడం అన్యాయం. అందుకే బ్రెజిల్‌తో ఒప్పందం చేసుకోమని సలహా ఇచ్చాను. ఏ రెక్సిన్ ఫైలూ లేకుండా మన ఒంగోలు గిత్త 19వ శతాబ్దంలోనే ఓడెక్కి అక్కడికి వెళ్లింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, తర్వాత గుంటూరు జిల్లాలో చేరి, 1970లో వేరే జిల్లా (ఇప్పటి ప్రకాశం) అయింది. అందుకే వాళ్లు ఆ జాతికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో సింహభాగం దాని సంతానమే. 2023 వేలంలో వియాటినా-19 అనే ఆవు విలువ 2.1 కోట్ల బ్రెజిల్ రియాళ్లుగా లెక్కతేలి గిన్నిస్‌కెక్కింది. ఆ మందల మేతకోసం అమెజాన్ అడవి నరుకుతున్నారు. ఆ అమెజాన్ ముఖద్వారంలోనే, బెలేం నగరంలో, 2025లో ప్రపంచ వాతావరణ సదస్సు జరిపారు. వ్యాధిలో మన ఊరి పేరు ఉన్నప్పుడు మందులోనూ ఉండేలా సంతకం పెట్టడానికి వెనకాడడం దేనికి?

సలహా కమిటీకి నచ్చింది. వేదిక మీద నిజమైన గిత్తనే నిలబెడదామన్నారు. శాలువా దాని మూపురం మీద కప్పితే జారదని కార్యదర్శిగారు స్వయంగా సెలవిచ్చారు. నాగులుప్పలపాడు వైపు ఒక రైతు, రాను పోను ఖర్చులిస్తే తోలుకొస్తానన్నాడట. మేత బిల్లు ఏ పద్దు కింద రాయాలన్న దాని మీద అకౌంట్సు విభాగం అభ్యంతరం చెప్పింది. అది 'అంతర్జాతీయ ప్రతినిధుల ఆతిథ్యం' కింద తేలింది.

"తాగడానికి నీళ్లో?" అన్నాను నేను.

"ఏడో ట్యాంకర్ చెప్పేశాను సార్," అన్నాడు అటెండరు.