మహారాజశ్రీ పార్ లైటు గారికి

పెళ్లిమండపాల మీద రంగులు కుమ్మరించే గుండ్రటి ఎల్ఈడీ దీపం, మహారాజశ్రీ రంగుల పార్ లైటు గారి దివ్యసముఖమునకు, విజయవాడ నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అంతా క్షేమమే, పెళ్లికూతురి ముఖం ఒక్కటే నీలంగా ఉంది.

ఇక్కడి బందరు రోడ్డు మొదలు గుంటూరులో అమరావతి రోడ్డు దాకా ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా తమరే. పూలు తెల్లవా, పసుపువా అని డెకరేషన్ వాళ్లతో గంటలకొద్దీ బేరమాడే పెద్దలు, తమరి దగ్గరికొచ్చేసరికి "లైటింగు కూడా ప్యాకేజీలోనే అండీ" అన్న ముక్క వినగానే తృప్తిపడిపోతారు. తమరి వీపున మెనూ, అప్, డౌన్, ఎంటర్ అని నాలుగు బటన్లున్నాయి. వాటిని నొక్కే ఓపిక లేక తమరిని రంగులు వాటంతటవే మారే ఆటో మోడ్‌లో వదిలేస్తారు. అంతకంటే ఘోరం చప్పుడుకు రంగులు మార్చే సౌండ్ మోడ్. అప్పుడు తమరి చెవి డోలు మీదే. సరిగ్గా మాంగల్యధారణ వేళ గట్టిమేళం అందుకోగానే తమరికి పూనకం వస్తుంది. మొదటి ముడి ఆకుపచ్చ, రెండోది ఊదా, మూడోది పడిందో లేదో పంతులుగారి మాట మీద నమ్మాల్సిందే.

ఎర్ర కంచిపట్టు మీద తమరు నీలం కుమ్మరిస్తే అది నల్లచీరే. ఎర్ర బట్ట నీలాన్ని మింగేస్తుంది గానీ తిప్పి పంపదు. లక్ష పెట్టి కొన్న చీరకు ఇదేం మర్యాద?

ముఖాలకు కావలసింది తమరు కాదు. 3200 కెల్విన్ వార్మ్ వెలుగు (అంటే కాస్త పసుపు కలిసిన తెలుపు), సీఆర్ఐ (రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే కొలత, వందకి) 90 దాటిన లైట్లు, పన్నెండు పదిహేను అడుగుల దూరంలో, మనిషి తలకన్నా బాగా ఎత్తున, రెండు పక్కలా ఉండాలి. జీలకర్రబెల్లం వేళ వధూవరులు ఎదురెదురుగా, మధ్యలో తెరతో కూర్చుంటారు. జనం వైపు నుంచి ఒక్క లైటు వేస్తే చెరో చెంపే వెలుగుతుంది. కుడిపక్క లైటును ఎడమన కూర్చున్నవారి ముఖానికి, ఎడమపక్కదాన్ని కుడివారి ముఖానికి తిప్పాలి. తమరి స్థానం వెనక పూలగోడ. కింది నుంచి పైకి, ఒకే రంగులో, ముఖాల మీది వెలుగులో సగానికి మించకుండా. కంట్రోలర్ లేకున్నా ఫరవాలేదు. మెనూలో స్టాటిక్‌కు (రంగు మారకుండా నిలిచే మోడ్‌కు) వెళ్లి తెలుపు 255, అంటే పూర్తిగా, నీలం సున్నా పెట్టి, ఎరుపును 80 దగ్గర్నుంచి కంటికి నప్పేదాకా అటూ ఇటూ జరిపితే చాలు. అయిదు నిమిషాల పని.

ఇక తమరి తిండి సంగతి. పెట్టె మీది లెక్కే తీసుకున్నా 54 బల్బులు, ఒక్కోటి 3 వాట్లు, అంటే 162. నలభై మంది దిగితే ఆరున్నర కిలోవాట్లు, 230 వోల్టుల మీద 28 ఆంపియర్లు. అందరినీ ఒకే 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే గౌరీపూజ కాకముందే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చి) పడిపోతుంది. మూడు ఫేజులకూ 13, 13, 14గా పంచితే ఒక్కోదాని మీద పది ఆంపియర్ల లోపే. జనరేటర్ దగ్గర మూడు ఫేజులకూ ఉమ్మడి తీగైన న్యూట్రల్ స్క్రూ వదులైందో, తక్కువ లోడున్న ఫేజు 400 వోల్టుల వైపు ఎగబాకుతుంది, తమరిలో కొందరు పొగలు కక్కుతారు. జనం హోమం పొగ అనుకుని అక్షింతలు వేస్తూనే ఉంటారు.

సాయంత్రం నీళ్లు చల్లిన లాన్‌లో గడ్డి కింద టేపు చుట్టిన జాయింటు వదిలేసే మహానుభావులకు వేరే ఉత్తరం రాయాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) లేకుండా ఆ తీగకు కరెంటివ్వకూడదు. కాలువగట్టు లాన్లలో వానాకాలం ఇంకో తంటా. తెల్లని, నీలిరంగు లైట్లకు పురుగులు ఎగబడతాయి, పసుపు లైట్లకు అంతగా రావు. భోజనాల దగ్గర పసుపు లైట్లు వేసి, తెల్లవాటిని దూరంగా ఎత్తున కడితే సాంబారు సాంబారులాగే ఉంటుంది.

ముహూర్తానికి గంట ముందే తమరిని 30 శాతానికి తగ్గించి ఫోన్లో స్లోమోషన్ తీయించాలి. ఫోను తెర మీద చారలు పాకితే పెళ్లి వీడియోలోనూ అవే పాకే ప్రమాదం ఉంది. అలాంటివారిని మండపం దించి గేటు దగ్గర నిలబెట్టాలి. తమరు నొచ్చుకోకూడదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఫేజులు లెక్కపెట్టేవాళ్లు

తా.క.: సన్నని ఘాటు కిరణం విసురుతూ తిరిగే షార్పీ లైటు గారికి విడిగా రాయడం లేదు. ఆయన కిరణం తగిలి పంతులుగారు ఇప్పటికే కళ్లు మూసుకుని మంత్రం చదువుతున్నారు.