డిర్క్ కౌట్ లెజెండ్ కాదనే లెక్కలో తప్పెక్కడుంది?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ పాత ఆటగాళ్ల జాబితా ఎవరు వేసినా డచ్ ఆటగాడు డిర్క్ కౌట్ పేరు దగ్గర పేచీ మొదలవుతుంది. చేతులు మారుతూ తిరుగుతున్న వాదన దాదాపు ఇదీ: కౌట్ మంచోడే, ఒళ్లు దాచుకోకుండా ఆడాడు, కానీ అంతే. ఫార్వర్డ్‌గా గోల్స్ తక్కువ. వేసినవి కూడా గీత దగ్గర నుంచి తోసినవో, పెనాల్టీలో. ఫస్ట్ టచ్ అధ్వానం. జెరార్డ్, టోరెస్ లాంటి పెద్ద ఆటగాళ్లు పక్కన ఉండబట్టి నెట్టుకొచ్చాడు. 6 సీజన్లు ఆడి గెలిచింది ఒక్క లీగ్ కప్పు. పరిగెత్తడం జీతం తీసుకునే ప్రతివాడూ చెయ్యాల్సిన పని, దానికి లెజెండ్ అనే బిరుదు దేనికి?

ఇందులో సగం మాటలు నిజమే. వాటి నుంచి లాగిన తీర్మానమే నిలబడదు. డాల్‌గ్లిష్, జెరార్డ్ ఉన్న వరసలో కౌట్‌ను కూర్చోబెట్టాలని అడిగేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ఆ పోలికను ముందే పక్కన పెట్టేద్దాం. లెజెండ్ అంటే ఆ ఇద్దరేనంటే క్లబ్ చరిత్రలో ఇంకెవరూ మిగలరు.

“285 మ్యాచ్‌లకు 71 గోల్స్, అదీ ఒక ఫార్వర్డ్‌కి!”

అంకెలు సరైనవే. కాకపోతే ఫార్వర్డ్ అన్న మాట దగ్గరే మెలిక ఉంది. డచ్ క్లబ్ ఫెయెనూర్డ్‌లో కౌట్ నిజంగానే స్ట్రయికర్, అంటే గోల్స్ వెయ్యడమే పనిగా అందరికన్నా ముందు ఆడేవాడు. 2004-05లో 29 గోల్స్‌తో డచ్ లీగ్ టాప్ స్కోరర్. 2006 ఆగస్టులో లివర్‌పూల్‌కు వచ్చింది కూడా ఆ లెక్కనే, మొదటి సీజన్ ప్రీమియర్ లీగ్‌లో 12 కొట్టాడు. 2007 వేసవిలో టోరెస్ వచ్చాక మేనేజర్ బెనీటెజ్ కౌట్‌ను క్రమంగా కుడి అంచుకు జరిపాడు. అప్పటి నుంచి అతను ఆడింది ఎక్కువగా రైట్ వింగ్. ఆ జాగాలో ఆడేవాడి గోల్స్‌ను స్ట్రయికర్ గోల్స్‌తో తూచడం న్యాయం కాదు.

సీజన్ల వారీగా లీగ్ గోల్స్ చూడండి: 12, 3, 12, 9, 13, 2. మధ్యలో ఉన్న 3 చూపించి నవ్వేవాళ్లు ఆ ఏడాది, అంటే 2007-08లో, అతను యూరప్ క్లబ్‌ల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో 7 కొట్టాడన్న సంగతి ఎత్తరు. మార్సెయ్‌లో ఓడితే గ్రూప్‌లోనే ఇంటికెళ్లే మ్యాచ్, 4-0తో గెలిచారు, అందులో ఒకటి కౌట్‌ది. ఇంటర్ మీద 0-0గా నడుస్తున్న ఆటలో 85వ నిమిషంలో తలుపు తెరిచింది అతనే. క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్ మైదానంలో సమం చేసిన గోల్, సెమీఫైనల్లో సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌లో చెల్సీ మీద మొదటి గోల్ కూడా అతనివే. లీగ్‌లో 3 అన్నది విమర్శే, ఒప్పుకోవాలి. కానీ అదే ఏడాది యూరప్‌లో జట్టు సెమీస్ దాకా వెళ్లిన దారంతా అతని అడుగులే ఉన్నాయి.

“పరిగెత్తడం ఎవరైనా చేస్తారు”

ఈ వాదన మొత్తంలో బలహీనమైన మాట ఇదే, ఎక్కువమంది నమ్మేదీ ఇదే. పరుగును కిలోమీటర్లలో కొలిచేవాళ్లకు ఇది నిజంలాగే కనిపిస్తుంది. ఎప్పుడు కదలాలి, ఏ దారిలో రావాలి, ఎక్కడ ఆగాలి అన్నవి కాలి బలంతో వచ్చేవి కావు.

2008-09 జట్టు 4-2-3-1, అంటే వెనక నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, ఆపైన ముగ్గురు, కొసన ఒక్కడు. ముందు టోరెస్, అతని వెనక జెరార్డ్, మధ్యలో అలోన్సో, మషెరానో. కుడివైపు కౌట్, అతని వెనక రైట్‌బ్యాక్ అర్బెలోవా. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్ దగ్గర బంతి ఉంది, లెఫ్ట్‌బ్యాక్‌కు ఇవ్వాలనుకుంటున్నాడు అనుకుందాం. ఇక్కడ కుడి వింగర్ పని ఇలా ఉంటుంది. ముందుగా లెఫ్ట్‌బ్యాక్‌కు అతుక్కుని నిలబడకూడదు. ఇద్దరికీ మధ్యలో, కాస్త లోపలికి నిలబడితే ఆ పాస్ సులువనిపించి ఇచ్చేస్తారు. బంతి సెంటర్‌బ్యాక్ కాలు వదిలిన క్షణంలోనే కదలాలి, లెఫ్ట్‌బ్యాక్‌కు చేరాక కదిలితే పని అయిపోయినట్టే. లోపలి నుంచి బయటికి వంపు తిరుగుతూ రావాలి. అప్పుడు లోపలున్న మిడ్‌ఫీల్డర్‌కు వెళ్లే పాస్‌కు తన ఒళ్లే అడ్డమవుతుంది, లెఫ్ట్‌బ్యాక్‌కు టచ్‌లైన్ ఒక్కటే మిగులుతుంది. చివరి రెండు మూడు గజాల్లో అడుగులు చిన్నవి చేసి, ఒళ్లు పక్కకు తిప్పి ఆగాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చూస్తే దీని విలువ తెలుస్తుంది. నిటారుగా దూసుకొస్తే ఒక్క టచ్‌తో లోపలికి కోసేస్తారు. చివర్లో వేగం తగ్గించకపోతే బంతి పక్కనుంచి జారిపోతుంది, వింగర్ మాత్రం అదే ఊపులో ముందుకు పోతాడు. ఒక్కడే ప్రెస్ చేసి, అంటే బంతి ఉన్నవాడి మీదకు వెళ్లి, వెనకున్నవాళ్లు కదలకపోతే ఆ పరుగు వృథా. అన్నిటికన్నా పెద్ద తప్పు, బంతి తనను దాటాక చేతులెత్తేసి నడవడం. అప్పుడు రైట్‌బ్యాక్ ఒక్కడు, అవతల వింగరూ, అతన్ని దాటుకుని బయటి నుంచి ముందుకొచ్చే లెఫ్ట్‌బ్యాకూ ఇద్దరు. వింగర్ మీదకు వెళితే బయట పాస్ పడుతుంది, బయటికి జరిగితే వింగర్ లోపలికి దూరతాడు. ఆదుకోడానికి సెంటర్‌బ్యాక్ పక్కకొస్తే పెనాల్టీ బాక్స్‌లో ఖాళీ. ఇలా పడ్డ గోల్‌కు రైట్‌బ్యాక్‌ను తిడతారు, తప్పు మొదలైంది 50 గజాల అవతల నడుస్తున్న వింగర్ దగ్గర.

కౌట్ వెనక్కి పరిగెత్తి ఆ రెండోవాణ్ని పట్టుకునేవాడు, తొంభయ్యో నిమిషంలో కూడా. దాని ఫలం అతని పేరున ఎక్కడా నమోదు కాదు. మషెరానో బంతి లాక్కుంటాడు, జెరార్డ్ వెనక్కి దిగాల్సిన పని లేకుండా టోరెస్ దగ్గరే ఉండిపోతాడు. రెండు నిమిషాల హైలైట్స్ చూసి తీర్పు చెప్పేవాళ్లకు కౌట్ ఎందుకు అర్థం కాడో ఇక్కడే ఉంది: అతని ఆటలో సగం కెమెరా ఫ్రేమ్‌కు బయట జరిగింది.

ఇంకో అంకె. 6 సీజన్లలో ఉండే లీగ్ మ్యాచ్‌లు 228, కౌట్ ఆడినవి 208. 2008-09లో మొత్తం 38కి 38. అప్పటి మేనేజర్లు బెనీటెజ్, హాడ్జ్‌సన్, డాల్‌గ్లిష్ ముగ్గురి ఆలోచనలకూ పొంతన లేదు, అయినా ముగ్గురూ అతన్ని ఆడించారు. అందరూ చేసే పనే అయితే ఆ జాగాకు ఇంకొకణ్ని వెతుక్కోవడం ఎంతసేపు?

“గీత మీద తోసిన గోల్స్, పెనాల్టీలు”

ఈ మాటకు ఎప్పుడూ చూపించేది 2011 మార్చి 6న మాంచెస్టర్ యునైటెడ్ మీద హ్యాట్రిక్. స్కోరు 3-1. మొదటిది లివర్‌పూల్ ఫార్వర్డ్ సువారెజ్ ముగ్గురిని దాటించి కీపర్‌ను తప్పించి కొట్టిన బంతి, కౌట్ గీత ముందు తగిలించాడు. రెండోది యునైటెడ్ ఆటగాడు నానీ తలతో పొరపాటున వెనక్కి పంపిన బంతికి హెడర్. మూడోది సువారెజ్ ఫ్రీకిక్‌ను యునైటెడ్ కీపర్ వాన్ డెర్ సార్ చేజారిస్తే తోసింది. మూడూ దగ్గర నుంచే. వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నాడంటారు.

సరే, ఆ విస్తరి దగ్గరికి ముందు చేరింది ఎవరు? మూడో గోల్‌నే తీసుకోండి. ఫ్రీకిక్ తన్నే క్షణంలో ఆఫ్‌సైడ్ కాకుండా డిఫెండర్ల వరసలోనే ఉండాలి. తన్నగానే కీపర్ వైపు కదలాలి. కీపర్ పట్టుకుంటాడా వదులుతాడా చూసి కదిలితే ఆలస్యమే, ఎందుకంటే డిఫెండర్లు చేసేది అదే. పదిసార్లలో తొమ్మిదిసార్లు కీపర్ బంతిని గుండెకు హత్తుకుంటాడు, ఆ పరుగు ఎవరికీ గుర్తుండదు. పదోసారి కోసం తొమ్మిదిసార్లు వెళ్లేవాడికే ఈ గోల్ వస్తుంది. ఎడమ నుంచి దాడి సాగినప్పుడు ఫార్ పోస్ట్ దగ్గర వేసే గోల్స్ కూడా ఇలాంటివే: బంతి వైపు చూస్తున్న లెఫ్ట్‌బ్యాక్ భుజం వెనక, కంటికి కనపడని చోట ఉండి, క్రాస్ గాల్లో ఉండగానే ముందుకు దూరడం. దీన్ని అదృష్టమంటే 71 సార్లు అదృష్టం ఉండదు.

పెనాల్టీలంటారా, అవి ఎప్పుడు వేసినవో చూడండి. 2007 మే 1, చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ షూటవుట్, జట్టును ఏథెన్స్ ఫైనల్‌కు చేర్చిన చివరి కిక్ అతనిది. 2007 అక్టోబర్ 20, ఊళ్లోని ప్రత్యర్థి ఎవర్టన్ మీద వాళ్ల మైదానం గూడిసన్ పార్క్‌లో 2-1, రెండూ కౌట్ పెనాల్టీలే, రెండోది స్టాపేజ్ టైమ్‌లో, జెరార్డ్‌ను బెంచ్‌కు పిలిచేశాక. (ఆ మ్యాచ్‌లో ఎవర్టన్ ఆటగాడు ఫిల్ నెవిల్ మీదకు రెండు కాళ్లతో ఎగిరినందుకు కౌట్‌కే రెడ్ కార్డ్ పడాల్సింది, పసుపుతో బయటపడ్డాడు. ఎవర్టన్ అభిమానులు ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోనక్కర్లేదు కూడా.) 2011 ఏప్రిల్ 17, ఆర్సెనల్ మైదానం: 98వ నిమిషంలో ఆర్సెనల్ ఆటగాడు వాన్ పెర్సీ పెనాల్టీతో ఓటమి ఖాయమనుకున్నాక, 102వ నిమిషంలో కౌట్ పెనాల్టీతో 1-1. అన్నీ వేశాడని కాదు. 2011 అక్టోబర్‌లో గూడిసన్‌లోనే ఎవర్టన్ కీపర్ హోవార్డ్ అతని పెనాల్టీ ఆపేశాడు. అయినా ఎవర్టన్ మీద మొత్తం 5 గోల్స్. అందులో 2010 ఫిబ్రవరిలో తోటి ఆటగాడు కిర్గియాకోస్‌కు రెడ్ పడి 10 మందితో ఆడుతున్నప్పుడు కొట్టిన హెడర్ ఒకటి, 1-0తో గెలిపించింది.

“ఫస్ట్ టచ్ అధ్వానం”

నిజం. కొన్ని రోజులు బంతి అతని కాలికి తగిలి మూడు గజాలు ఎగిరేది. డ్రిబ్లింగ్‌తో ఫుల్‌బ్యాక్‌ను దాటే వింగర్ కాడు. ఈ లోటు లేనట్టు మాట్లాడే అభిమానులే కౌట్ వాదాన్ని పలచన చేస్తున్నారు.

“జెరార్డ్, టోరెస్ మోసుకొచ్చారు”

2008-09లో లివర్‌పూల్ 86 పాయింట్లతో రెండో స్థానం, ఓడింది 2 మ్యాచ్‌లే, 77 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. ఆ సీజన్‌లో టోరెస్ ఆడింది 24 లీగ్ మ్యాచ్‌లు, జెరార్డ్ 31. వాళ్లు గాయాలతో కూర్చున్నప్పుడు ఎవరు మోశారు? సీజన్ మొదట్లోనే స్టాండర్డ్ లియేజ్‌తో క్వాలిఫయర్, రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళితే 118వ నిమిషంలో కౌట్ కొట్టిన గోల్‌తోనే ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కింది. అక్టోబర్ 5న మాంచెస్టర్ సిటీ మీద 0-2 నుంచి 3-2, స్టాపేజ్ టైమ్‌లో గెలుపు గోల్ కౌట్‌ది. తర్వాతి లీగ్ మ్యాచ్‌లో విగన్ మీద మళ్లీ 3-2, రెండు గోల్స్ అతనివి, 85వ నిమిషంలో కొట్టిన గెలుపు గోల్‌తో సహా.

టోరెస్ చెల్సీకి వెళ్లిపోయిన 2010-11లో క్లబ్ టాప్ స్కోరర్ ఎవరు? 15 గోల్స్‌తో కౌట్. ఏప్రిల్, మే నెలల్లో వరసగా 5 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ వేశాడు: సిటీ, ఆర్సెనల్, బర్మింగ్‌హామ్, న్యూకాసిల్, ఫుల్‌హామ్.

మన వైపు వాదనలూ అన్నీ గట్టివి కావు. లెజెండ్స్ పేరుతో జరిగే ఛారిటీ మ్యాచ్‌లకు క్లబ్ పిలిచింది కాబట్టి లెజెండే అనడం సాక్ష్యం కాదు, ఆ జట్టుకు 20 మంది కావాలి, పిలుస్తారు. అలాగే 2017 మే 14న 36 ఏళ్ల వయసులో హెరాక్లెస్ మీద హ్యాట్రిక్ కొట్టి ఫెయెనూర్డ్‌కు 18 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ తెచ్చాడు, నెదర్లాండ్స్‌కు 104 మ్యాచ్‌లు ఆడాడు. గొప్పవే, కానీ ఆ ఖాతా ఫెయెనూర్డ్ ఊరు రోటర్‌డామ్‌ది, డచ్ జట్టు ఆరెంజ్ చొక్కాది. యాన్‌ఫీల్డ్ లెక్కలో కలపకూడదు.

“ఒక్క లీగ్ కప్పు, అదీ చివరి ఏడాది బెంచ్ మీద కూర్చుని”

ట్రోఫీలే కొలమానమైతే టోరెస్ లివర్‌పూల్‌లో ఒక్కటీ గెలవలేదు, సువారెజ్‌కు ఉన్నది కూడా ఈ లీగ్ కప్పే. వాళ్లను ఈ తక్కెడలో ఎవరూ వెయ్యరు. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఏసీ మిలాన్ మీద 89వ నిమిషంలో జట్టు కొట్టిన ఏకైక గోల్ కౌట్‌దే, 1-2తో ఓడిపోయారు.

2011-12లో లీగ్ గోల్స్ 2 మాత్రమే, చోటు కూడా జారింది, అది వాస్తవం. ఆ సీజన్‌లోనే జనవరి 28న ఎఫ్ఏ కప్‌లో 88వ నిమిషంలో యునైటెడ్‌ను ఓడించిన గోల్ ఉంది. ఫిబ్రవరి 26న వెంబ్లీలో కార్డిఫ్‌తో లీగ్ కప్ ఫైనల్ 1-1 మీద ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కౌట్ 108వ నిమిషంలో 2-1 చేశాడు. ఆఖర్లో గీత మీద నుంచి ఒక బంతిని బయటికి తన్నేశాడు, తర్వాతి కార్నర్‌కు కార్డిఫ్ ఆటగాడు టర్నర్ సమం చేశాడు. షూటవుట్‌లో జెరార్డ్ కిక్‌ను కీపర్ ఆపాడు, ఛార్లీ ఆడమ్ పైకి కొట్టాడు. మూడో కిక్‌కు వచ్చింది కౌట్. లోపల వేశాడు. డౌనింగ్, జాన్సన్ వేశారు, లివర్‌పూల్ 3-2. 2006 తర్వాత క్లబ్‌కు వచ్చిన మొదటి ట్రోఫీ అది, తర్వాతిది 2019లో వచ్చింది.