కొమ్ముల టోపీ తీసి దువ్వెన చూడండి

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లిన టూరిస్టు వైకింగ్ టోపీ అని కొమ్ముల టోపీ పెట్టుకుని సెల్ఫీ దిగందే ఊరుకోడు. ఆ కొమ్ములు వైకింగ్‌లవి (వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి పడవల్లో వచ్చినవాళ్లవి) కావు, 19వ శతాబ్దపు జర్మన్ ఒపెరా వేషాల నుంచి ఊడిపడ్డవి. సరే, టోపీతో నాకు పేచీ లేదు. వైకింగ్‌లు 795లో ఐర్లాండ్‌లో పడవల్లో దిగారు, మఠాలు దోచారు, 1014లో డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్ దగ్గర ఐరిష్ రాజు బ్రయన్ బోరు సైన్యం చేతిలో ఓడారు, అంతటితో పీడ వదిలింది అనే కథ ఉంది చూశారూ, పేచీ దానితోనే. డబ్లిన్‌కి దక్షిణాన విక్లో కొండల్లో తీసిన 'వైకింగ్స్' టీవీ సిరీస్ కూడా ఆరు సీజన్ల పాటు గొడ్డలే తిప్పింది.

కానీ నేలలో దొరికింది వేరు. 1970లలో డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున వుడ్ కీ దగ్గర మున్సిపల్ ఆఫీసుల కోసం తవ్వితే వైకింగ్‌ల ఊరు ఊరంతా బయటపడింది. తడిక గోడల ఇళ్లు, తోలు చెప్పులు, మరుగుదొడ్డి గుంటల్లో తుడుచుకోవడానికి వాడిన నాచు, పిల్లలు ఆడుకున్న చెక్క పడవ. అన్నిటికన్నా నాకు నచ్చింది దువ్వెన. దుప్పి కొమ్మును చిన్న చిన్న పలకలుగా కోసి, రెండు బద్దల మధ్య బిగించి, మేకులు కొట్టి, ఆ తర్వాత ఒక్కో పన్నూ రంపంతో తీయాలి. దోచుకుని పోయేవాడికి అంత తీరిక ఎక్కడిది? పిల్లాడికి బొమ్మ పడవ చెక్కినవాడు ఆ ఊళ్లో ఉండిపోదామనే వచ్చాడు.

ఆ తవ్వకాల చోటును కాపాడాలని 1978లో దాదాపు 20 వేల మంది వీధుల్లోకి వచ్చారు. అయినా ఆఫీసులు లేచాయి!

వైకింగ్‌ల కాలంలో డబ్లిన్ పెద్ద బానిసల సంత కదా, వీళ్లని సాధువుల్ని చేస్తారా అంటారు కొందరు. నిజమే, సంతే, ఆ పాపం కడిగేది కాదు. కానీ ఐర్లాండ్‌లో తొలి నాణేలు ముద్రించింది, 997 ప్రాంతంలో, ఆ ఊరి వైకింగ్ రాజు సిట్రికే. ఐరిష్‌లో కిటికీని 'ఫ్విన్యోగ్' అంటారు, అది వైకింగ్‌ల 'విండౌగా', అంటే గాలికన్ను (మన గవాక్షం ఆవుకన్ను అయినట్టే). బజారుకు వాడే మాట కూడా వాళ్లదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 వేసవిలో అక్కడ మనవాళ్ల మీద వరుసగా దాడులు జరిగి, భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది. పరదేశి అంటే దోచుకునేవాడే అన్న భయానికి గొడ్డలి వైకింగ్ బాగా పనికొస్తాడు, దువ్వెన చేసినవాడు పనికిరాడు. ఐర్లాండ్‌లో బాగా ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో డోయల్ ఒకటి. దాని మూలానికి 'నల్ల పరదేశి' అని, అంటే వైకింగ్ అని, అర్థం చెబుతారు. 'ఐర్లాండ్ నిండిపోయింది' అని ప్లకార్డులు పట్టుకుని తిరిగే ఊరేగింపుల్లో డోయల్‌లు ఎంతమందో ఎవరైనా ఒకసారి లెక్కపెట్టండి.